గుంతకల్లు: కరువు కట్టిన ఊరు

"తెల్లవాళ్ళు రాకపోతే మనకు రైళ్ళెక్కడివండీ?" ఈ మాట కనీసం అయిదారుగురు కొలీగ్స్ నోట విన్నాను, అదీ ఎక్కువగా లంచ్ టైంలో. వెంటనే ఎదురు టేబుల్ నుంచి ఇంకొకాయన "మన పత్తి మోసుకుపోవడానికి వేసుకున్నార్లే, మన మీద ప్రేమతోనా?" అంటాడు. ఇక అక్కడ్నుంచి డబ్బాల్లో సాంబారన్నం చల్లారేదాకా వాదనే. నేను గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణని తెలుసు కాబట్టి చివరికి నన్ను సాక్షిగా లాగుతారు. "నువ్వు చెప్పు బాస్, రైలు మీ ఊరికి మంచి చేసిందా, చెడు చేసిందా?"

అసలు రైలు రాకపోతే ఆ ఊరు మీకు తెలిసేది కాదు. ఇప్పటికీ మీలో చాలామందికి అది అర్ధరాత్రి నిద్రలో దాటిపోయే స్టేషనే కదా. అంతకుముందు అదో పల్లెటూరు. చుట్టూ నల్లరేగడి కొంత, ఎర్రగరప కొంత, మిగతాదంతా రాళ్ళు. జిల్లాలో సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో వర్షం తక్కువ పడే జిల్లాల్లో మాదొకటని చిన్నప్పుడు మా సోషల్ అయ్యవారు ఏదో మెడల్ వచ్చినట్టు చెప్పేవారు.

మద్రాస్ రైల్వే వాళ్ళ లైను అరక్కోణం నుంచి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది 1871లో. లండన్‌లో షేర్లు కొన్నవాళ్ళకు ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ. రైలు నడిచినా నష్టపోయినా ఆ తేడా పూడ్చేది మన పన్నులే. ఇంత సేఫ్ స్టార్టప్ మళ్ళీ ఎవడూ పెట్టలేదు.

ఇక అసలు సంగతి. లైను పడిన అయిదేళ్ళకే, 1876లో, ధాత కరువు వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు (1882లో ఏర్పడింది), మేమంతా బళ్ళారి జిల్లా కిందే. 1871 జనాభా లెక్కల్లో ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళలో దాదాపు అయిదో వంతు 1881 లెక్కలకు లేరు. రైలుంటే కరువు రాదన్న వాదనకు మొదటి పరీక్ష మా దగ్గరే జరిగింది, అందులో రైలు ఫెయిలయింది. మద్రాసు రేవులో దిగిన బియ్యం రైల్లో గుత్తి, ఆదోని దాకా వచ్చింది నిజమే. కానీ స్టేషను నుంచి పల్లెకు బండి లాగాల్సిన ఎద్దులు మేత లేక ముందే చచ్చిపోయాయి. ఎక్కడైనా బండి దొరికినా, కొనుక్కునే డబ్బు మనిషి దగ్గర లేదు. రైలు ధాన్యాన్ని మోస్తుంది గానీ, కొనే శక్తిని మోయదు కదా! పైగా ధర ఎక్కడ బాగుంటే అక్కడికి సరుకు తోలుకుపోవడానికి అదే రైలు వర్తకులకు పనికొచ్చింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాసింత చిల్లర చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రాళ్ళు కొట్టే మనిషికి! అది చాలదని మద్రాసు ప్రభుత్వంలోనే ఉన్న డాక్టర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. కాబట్టి దొరలందర్నీ ఒకే గాటన కట్టలేం.

ఆ కరువు మీద వేసిన కమిషన్ 1880లో రిపోర్టు ఇచ్చింది: కరువు ప్రాంతాలకు రక్షణగా ఇంకా రైలు మార్గాలు వేయాలి. ఆ ఆలోచనతోనే 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. ఖర్చు తక్కువని మీటర్ గేజ్ పట్టాలు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా కృష్ణ ఒడ్డు దాకా వేసిన లైనూ కరువు లైనే. బళ్ళారి, హుబ్లీ వైపు ఒకటి, ధర్మవరం మీదుగా బెంగళూరుకు ఇంకొకటి. ఇవన్నీ వచ్చి మద్రాసు, బొంబాయి బ్రాడ్ గేజ్ లైనుతో కలిసేది గుంతకల్లులో. మా ఊరు జంక్షన్ అయింది అలా. నల్లరేగడి పత్తో, సుల్తానుల కోటో కట్టిన ఊరు కాదు మాది. కరువు కట్టింది.

కలిసేది అన్నాను గానీ, కలవడం అంత సులువు కాదు. బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ 1000. ఒకదాని వ్యాగన్ ఇంకొకదాని మీద నడవదు. మన భాషలో చెప్పాలంటే రెండు సిస్టమ్స్, రెండు ఫార్మాట్లు, మధ్యలో డేటా మార్చే ప్రోగ్రాం లేదు. ఆ ప్రోగ్రాం మనుషులే. బ్రాడ్ గేజ్ వ్యాగన్లోంచి మూట దించి, పక్క పట్టాల మీదున్న మీటర్ గేజ్ వ్యాగన్లోకి ఎత్తాలి. ట్రాన్షిప్‌మెంట్ షెడ్డు అనేవాళ్ళు. సిమెంటు, ఎరువులు, వడ్లు, ఉప్పు, ఏదైనా సరే వీపు మీద నుంచి పోవాల్సిందే. ఉరవకొండ దగ్గరి మెట్టపల్లె నుంచి మా తాత వచ్చింది ఈ పనికే. వానలు లేని ఏడు ఊళ్ళో శెనక్కాయ మొలవకపోతే సగం పల్లె ఇక్కడికి వచ్చి మూటలెత్తేది. వర్షం పడగానే తిరిగిపోయేవాళ్ళు. మా తాత పోలేదు. అందుకని మా నాయన ఫైర్‌మన్ అయ్యాడు, నేను ఇంజనీర్నయ్యాను. మా ఇంట్లో చరిత్ర అంతే.

నాయన మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ల మీద పనిచేశాడు. కాల్ బాయ్ అని ఒకాయన ఉండేవాడు. పేరుకే బాయ్, మీసాలు నెరిసిపోయినాయి. రాత్రి రెండింటికి సైకిలు మీద వచ్చి తలుపు కొట్టి, "ఫలానా గూడ్సు, నాలుగింటికి" అని పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయేవాడు. పేజర్ డ్యూటీ అని మనం ఏడుస్తాం గానీ, అది మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది. లైన్ బాక్సులో అమ్మ రాగి ముద్ద, ఊరిబిండి పెట్టి పంపేది. కాలనీలో కొళాయి వచ్చే వేళకు బయటి ఆడవాళ్ళు బిందెలతో వచ్చేవాళ్ళు, "అక్కా, ఒక్క బిందె" అంటూ. అమ్మ మా బిందె పక్కకు జరిపి వాళ్ళ బిందె పెట్టించేది. ఇంజన్‌కు ఒక్కసారికి వేల లీటర్లు పట్టే ఊళ్ళో మనిషికి ఒక బిందె. అప్పట్లో నాకది వింతగా తోచలేదు.

తర్వాత 2003లో ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండులో స్విండన్‌లో కొన్నాళ్ళున్నాను. అదీ రైల్వే కంపెనీ కట్టిన ఊరే. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1843లో అక్కడ ఇంజన్ల వర్క్‌షాపు తెరిచింది. రాతి ఇళ్ళ వరసలు, ఫోర్‌మన్లకు వీధి చివర పెద్ద ఇళ్ళు, కార్మికులకు మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్. చూడగానే మా కాలనీయే అనిపించింది, చలి తప్ప. మా ఇన్‌స్టిట్యూట్లో తంబోలా, షటిలు, ఆంగ్లో ఇండియన్ల క్రిస్మస్ డాన్సు ఉండేవి. ఆ నమూనా ఎక్కడిదో అక్కడ తెలిసింది. ఆ వర్క్‌షాపు 1986లో మూతపడింది, ఇప్పుడందులో మ్యూజియం ఉంది. అక్కడ ఒక పెద్దాయన, పాత ఫిట్టరు, వర్క్‌షాపు సైరన్ గురించి చెబుతుంటే నేను మా లోకో షెడ్డు సైరన్ గురించి చెప్పాను. ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. తేడా మాత్రం ఒకటుంది. వాళ్ళ ఊళ్ళో ఇంజన్ తయారయ్యేది, మా ఊళ్ళో నీళ్ళు పట్టి, బొగ్గేసి, తుడిచి పంపేవాళ్ళు. 1947 దాకా మన ఇంజన్లలో ఎక్కువ భాగం బ్రిటన్ నుంచి దిగినవే.

ఇంకో పేరు చెప్పకుండా గుంతకల్లు చరిత్ర చెప్పడం నాకు ఇష్టముండదు. గూళపాళ్యం హంపన్న. రైల్వే గేట్‌మన్. 1893 అక్టోబరులో గుంతకల్లులో దిగిన గోరా సిపాయిలు కొందరు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడితే, వాళ్ళు పరుగెత్తి ఈయన గేటు గుడిసెలో దూరారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. సిపాయి కాల్చాడు, హంపన్న చనిపోయాడు. గుత్తి వకీలు కేశవ పిళ్ళై దీన్ని 'హిందూ' పత్రికకు రాసి ఊరుకోకుండా వెంటపడ్డారు (1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్‌కు వెళ్ళినవాళ్ళలో ఆయనొకరు). కేసు మద్రాసు హైకోర్టు దాకా పోయింది. సిపాయిని నిర్దోషి అని వదిలేశారు. హంపన్న పేరున స్మారక శిల వేయించినవాళ్ళలో యూరోపియన్లూ ఉన్నారు. లంచ్ టేబుల్ దగ్గర ఇది చెబితే రెండు పక్షాలవాళ్ళూ కాసేపు ఊరుకుంటారు. రైలు మంచిదా చెడ్డదా అనే లెక్కలో హంపన్నను ఏ కాలంలో వేస్తారు? ఆయన జీతం కూడా ఆ రైల్వేదే.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో గుంతకల్లు డివిజన్ అయింది, 1977లో దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. తర్వాత గేజ్ మార్పిడి. బెంగళూరు వైపు 1980లలో, హుబ్లీ, నంద్యాల వైపు 1990లలో మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. దేశానికి చాలా మంచిది, ఎవరూ కాదనరు. సరుకు దించకుండా ఎత్తకుండా నేరుగా పోతుంది. ట్రాన్షిప్‌మెంట్ షెడ్డులో మూటలు ఆగిపోయాయి. ఆ షెడ్డు మీద బతికిన ఇళ్ళు వందలుంటాయి. వాళ్ళకు పాసు లేదు, క్వార్టర్సు లేదు, పెన్షన్ లేదు. మా తాతతో కలిసి పనిచేసినవాళ్ళ పిల్లలు చాలామంది బెంగళూరుకు బిల్డింగ్ పనులకు పోయారు, ఆ కొత్త బ్రాడ్ గేజ్ లైను మీదే, జనరల్ బోగీలో. నేను కూడా మొదటి ఉద్యోగానికి అదే లైను మీద పోయాను, స్లీపర్‌లో.