గునుగు కట్ట

పొద్దు ఇంకా పొడవలేదు. మక్క చేను గట్టు మీద పెద్దమ్మ వెనకాలే నడుస్తున్నారు మీరు. గడ్డి మీది మంచుకు కాళ్లు మడమల దాకా తడిశాయి. భాద్రపద అమావాస్య నాడు మొదలైన బతుకమ్మకు ఇవాళ తొమ్మిదో రోజు, సద్దులు.

చేన్లో కలుపని పీకి పారేసే మొక్కే ఇవాళ కావాల్సిన పువ్వు. గునుగు: తెల్లటి కంకి, కొసన లేత గులాబి. "కాడ పొడుగ్గ కొయ్యి బిడ్డా, పొట్టిదైతే నిలబడది" అంటుంది పెద్దమ్మ. గట్టు దిగితే మొరం నేల, దాన్నిండా తంగేడు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదే మరి.

ఇంటికొచ్చాక అరుగు మీద పని. కాడలు సమంగా కోసి, గుప్పెడేసి దారంతో కట్టి, కొన్ని కట్టల కొసలు రంగు నీళ్లలో ముంచుతారు. మీ వేళ్లు కూడా గులాబి రంగుకు తిరిగాయి.

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి చుట్టూ తంగేడు, దానిపైన గునుగు, ఆపైన బంతి. పూలు బయటికి, కాడలు లోపలికి. అసలు పనితనం బయటికి కనిపించదు. మిగిలిన కాడ ముక్కలు, ఆకు తుంపులు నడుమ కూరి అరచేత్తో అదమాలి. బోలుగా వదిలితే చెరువు దాకా పోకుండానే ఒరుగుతుంది. మీరు పేర్చిన మూడో వరుస ఒకపక్క ఉబ్బింది. పెద్దమ్మ ఏమీ అనదు. తాంబాళాన్ని ఒక చుట్టు తిప్పి చూసి, ఆ వరుసంతా ఊడదీస్తుంది.

బ్రిటన్‌లో ఆండీ గోల్డ్స్‌వర్దీ ఆకులు, మంచు ముక్కలు పేర్చి, చెదిరిపోయేలోపు ఫొటో తీస్తే ల్యాండ్ ఆర్ట్ అన్నారు. పెద్దమ్మ ఫొటో కూడా తీయదు. శిఖరాన గుమ్మడి పువ్వు, తమలపాకులో పసుపు గౌరమ్మను పెట్టి, చీర కుచ్చిళ్లు దులుపుకొని లేస్తుంది.

పొద్దుగూకాక చెరువు కట్ట. చప్పట్లు, పాటలు ఆగాక మోకాలి లోతు నీళ్లలోకి దిగి తాంబాళం వంచుతారు. బతుకమ్మ కాసేపు నిలువునా తేలి, ఒక పక్కకు వాలి, వరుస వరుసే విడిపోతుంది. మీ మూడో వరుసే ముందు.

తిరిగొచ్చే దారిలో పక్క చేను గట్టు ఎర్రగా మాడి ఉంది. కలుపు మందు కొట్టారు. అక్కడ గునుగు లేదు, వచ్చే ఏటికి రాలే గింజా లేదు. రైతన్నలారా, చేను మీ ఇష్టం. గట్టు మీద మాత్రం మందు కొట్టకండి.