మార్క్స్‌ను వదిలి కాంట్ దగ్గరికి: గ్రీన్‌బర్గ్ కళావిమర్శ

కళావిమర్శకు తత్వశాస్త్రంతో ఏం పని, బొమ్మ బాగుందో లేదో చెబితే చాలదా అని అడిగే మిత్రులు మనలోనూ ఉన్నారు. తత్వం లేని విమర్శను నేనింతవరకు చూడలేదు. తన తత్వమేదో చెప్పే విమర్శకులున్నారు, చెప్పకుండా దాచేవాళ్ళున్నారు. తన తత్వాన్ని బాహాటంగా మార్చుకున్నవాడొకడు అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ (1909-1994). అందుకే ఆయన చరిత్ర మనకు కావాలి.

1939లో 'పార్టిజన్ రివ్యూ'లో అచ్చయిన 'అవాంగార్డ్ అండ్ కిచ్' ఆయనకు పేరు తెచ్చింది. ఆ పత్రిక 1934లో న్యూయార్క్ జాన్ రీడ్ క్లబ్బు పత్రికగా పుట్టి, 1937లో కమ్యూనిస్టు పార్టీతో తెగతెంపులు చేసుకుంది. పల్లెలు వదిలి పట్నం చేరి, చదువు నేర్చినా తీరిక దొరకని జనానికి పెట్టుబడిదారీ విధానం అమ్మే నకిలీ సంస్కృతిని గ్రీన్‌బర్గ్ 'కిచ్' అన్నాడు. కొత్త కళ పాలకవర్గం డబ్బు మీదే బతుకుతోందని దాచకుండా రాశాడు. మిగిలిన సజీవ సంస్కృతిని కాపాడుకోవడానికి సోషలిజం వైపే చూడాలని ముగించాడు.

ఇరవయ్యొక్క ఏళ్ళు గడిచాక, 1960లో అదే మనిషి 'మోడర్నిస్ట్ పెయింటింగ్' అనే ప్రసంగం చేశాడు. ప్రసారం చేసింది అమెరికా ప్రభుత్వ రేడియో 'వాయిస్ ఆఫ్ అమెరికా'. అందులో వర్గం లేదు, సోషలిజం లేదు. కాంట్ ఉన్నాడు. 1781 నాటి 'శుద్ధ హేతు విమర్శ'లో కాంట్ హేతువు చేత హేతువునే విచారింపజేసి దాని హద్దులు గీశాడు కాబట్టి ఆయనే తొలి ఆధునికుడట. ప్రతి కళా అలాగే తనను తాను విచారించుకుని, ఇతర కళల నుంచి అరువు తెచ్చుకున్నది వదిలేసి, తనకే ప్రత్యేకమైనదాన్ని నిలుపుకోవాలట. కథ సాహిత్యానిది, ఘనరూపం శిల్పానిది. చిత్రకళకు మిగిలేది కాన్వాసు చదునుతనం. దీన్ని ఆయన ఆత్మవిమర్శ అన్నాడు. మన సమావేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ మనిషి తన ఆచరణకు జవాబు చెప్పుకుంటాడు. ఇక్కడ జవాబు చెప్పుకోవలసింది కాన్వాసు ఒక్కటే.

ఈ వాదంలో బలముంది. మానే నుంచి చిత్రకారులు రంగునూ గుడ్డనూ దాచడం తగ్గించారన్నది నిజం. బొమ్మలో ఏముందో చెప్పి, అది ఎలా ఉందో చెప్పలేక ఆగిపోయే విమర్శ మన పత్రికల్లో ఎంతో అచ్చయింది. దానికంటే గ్రీన్‌బర్గ్ చూపు పదునైనది. అయితే కాంట్‌ను ఆయన తనకు కావలసినంత మేరకే తీసుకున్నాడు. 1790 నాటి మూడో విమర్శ గ్రంథంలో కాంట్, కళాకృతి ఏ ఒక్క భావనలోనూ ఇమడనంత ఆలోచనను రేపుతుందని కూడా అన్నాడు. చదునుతనం సిద్ధాంతంలో దానికి చోటేదీ?

మలుపుకు కారణాలు తత్వశాస్త్రం బయట ఉన్నాయి. 1936-38 మాస్కో విచారణలు, 1939 ఆగస్టు సోవియట్-జర్మన్ ఒప్పందం చూశాక న్యూయార్క్ మేధావుల్లో చాలామంది ముందు పార్టీని, తర్వాత మార్క్సిజాన్నే వదిలారు. ట్రాట్‌స్కీయిజంగా మొదలైన స్టాలిన్ వ్యతిరేకత 'కళ కళ కోసమే' అన్నచోటికి ఎలా చేరిందో ఎప్పుడో ఒకప్పుడు చెప్పవలసి ఉందని గ్రీన్‌బర్గే 1961లో 'ఆర్ట్ అండ్ కల్చర్'లో రాసుకున్నాడు. ఆ పని 1974లో ఈవా కాక్‌క్రాఫ్ట్, 1983లో సెర్జ్ గిల్బో చేశారు. 1950లో బెర్లిన్‌లో పుట్టిన 'కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడం'కు సీఐఏ డబ్బు అందేదని 1966-67లో బయటపడింది. దాని అమెరికన్ కమిటీలో గ్రీన్‌బర్గ్ సభ్యుడు. అంతమాత్రాన కాంట్‌ను సీఐఏ పంపిందనడం మొరటు విమర్శ, నేను దాన్ని ఒప్పను. చరిత్ర అక్కర్లేని తత్వం ప్రచ్ఛన్నయుద్ధంలో ఒక పక్షానికి అక్కరకొచ్చింది, అంతే.

రూపాన్ని వదలకుండానే చరిత్రను పట్టుకోవచ్చని అప్పటికే ఒకరు చూపించారు. 1936లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో క్యూబిజం, అమూర్త కళల ప్రదర్శన పెట్టిన ఆల్ఫ్రెడ్ బార్, చిత్రకారులు ప్రకృతిని చిత్రించి చిత్రించి విసిగి అమూర్తానికి వచ్చారన్నాడు. మరుసటి ఏడు 'మార్క్సిస్ట్ క్వార్టర్లీ'లో మేయర్ షపీరో దాన్ని ఖండించాడు. విసుగైతే ఎప్పుడైనా పుట్టవచ్చు. అది అప్పుడే, ఆ దిక్కుకే ఎందుకు మళ్ళింది? ఇంప్రెషనిస్టుల బొమ్మల్లోని షికార్లు, పడవ విహారాలు, వనభోజనాలు ఆయనకు మధ్యతరగతి తీరికను చూపించాయి. తీరికగా చూసి ఆనందించే ఆ కళ్ళనూ, ఆ రంగు చుక్కలనూ ఆయన విడదీయలేదు.

జాక్సన్ పొలాక్‌ను ఇలా చూడాలని నాకనిపిస్తుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆయన బతికింది ప్రభుత్వ 'ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్' కూలి మీద. 1936లో మెక్సికన్ కమ్యూనిస్టు చిత్రకారుడు సికేరోస్ న్యూయార్క్‌లో నడిపిన ప్రయోగాల వర్క్‌షాపులో చేరాడు. అక్కడ కార్లకు వేసే డ్యూకో రంగును పోసేవారు, చిమ్మేవారు, స్ప్రే గన్నుతో కొట్టేవారు. మేడే ఊరేగింపుకు శకటం తయారు చేసింది ఆ వర్క్‌షాపే. 1947లో పొలాక్ కాన్వాసును నేల మీద పరిచి, పైనుంచి రంగును ధారగా పోయసాగాడు. 'మోడర్నిస్ట్ పెయింటింగ్' చెప్పే కథలో ఆ శకటం కనబడదు.