ఆర్చ్ రోగ్: సూరత్‌ను కుదిపిన గజదొంగ

పాత ఇంగ్లిష్‌లో 'ఆర్చ్ రోగ్' అంటే దుర్మార్గులకు పెద్ద. 'ఆర్చ్' గ్రీకు నుంచి వచ్చింది. ప్రధానం అని అర్థం. ఆర్చ్‌బిషప్‌లో హోదా పెంచే ఈ మాట 'రోగ్' ముందు చేరితే నేరం పెంచుతుంది. తెలుగులో ఆ పని 'గజ' చేస్తుంది: గజదొంగ.

ఇదే కోవలోని 'ఆర్చ్ పైరేట్' అనే పేరు హెన్రీ ఎవ్రీకి పడింది. 1695 సెప్టెంబరులో ఈ ఇంగ్లిష్ సముద్రపు దొంగ, మక్కా యాత్రికులతో సూరత్‌కు తిరిగొస్తున్న ఔరంగజేబు నౌక గంజ్-ఇ-సవాయిని దోచుకున్నాడు. అంతకు ముందే సూరత్ వర్తకుడు అబ్దుల్ గఫూర్ ఓడ ఫతే మహమ్మద్ అతని చేజిక్కింది. ప్రయాణికులను హింసించారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ లెక్క ప్రకారం నౌకలో ఉన్న సొత్తు 52 లక్షల రూపాయలు.

సూరత్ జనం భగ్గుమన్నారు. అక్కడి ఈస్టిండియా కంపెనీ వర్తకులను మొగల్ అధికారులు నిర్బంధించారు. కంపెనీ వ్యాపారమే ప్రమాదంలో పడింది. దొంగతో తమకు సంబంధం లేదని మొగలులను నమ్మించక తప్పలేదు. 1696లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఎవ్రీని పట్టిస్తే 500 పౌండ్లు ఇస్తామంది; కంపెనీ దాన్ని రెట్టింపు చేసింది. ఆ ఏడాది నవంబరులో అతని అనుచరులు ఐదుగురిని లండన్‌లో ఉరితీశారు. ఎవ్రీ మాత్రం ఎన్నడూ దొరకలేదు.