పిండి పోయింది, ప్లాస్టిక్ మిగిలింది

పిండి కలిపిన ప్లాస్టిక్ కథను చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ఆలోచన మంచిదే, కంపెనీల అబద్ధపు ప్రచారం దాన్ని పాడుచేసింది అని. ఇందులో నిజం సగమే. ప్రచారం ఎంత నిజాయితీగా చేసినా ఆ సంచులు మట్టిలో కలిసేవి కావు.

తొలి ఘట్టం తెలిసిందే. 1970లలో బ్రిటన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో గ్రిఫిన్ అనే పరిశోధకుడు పాలిథీన్‌లో స్టార్చ్ (పిండిపదార్థం) రేణువులు కలిపి పేటెంట్లు పొందారు. అదే దశకంలో అమెరికాలోని పియోరియా ప్రభుత్వ ప్రయోగశాలలో ఫెలిక్స్ ఓటే ఉడికించిన స్టార్చ్‌తో పొలంలో నేలను కప్పే మల్చింగ్‌కు పనికొచ్చే ఫిల్ములు తయారుచేశారు.

అసలు పేచీ 1980ల చివరి సంవత్సరాల దగ్గర. మొక్కజొన్న నిల్వలు పేరుకుపోయిన అమెరికాలో చెత్త సంచుల్లో పిండి కలపడం ఊపందుకుంది. కానీ కలిపింది ఎంత? చాలా సంచుల్లో బరువులో 6 శాతం అటూఇటూ. స్టార్చ్ పాలిథీన్‌కంటే బరువైనది కనుక ఘనపరిమాణంలో అది 4 శాతానికి మించదు. సగటున 15 మైక్రాన్లుండే మొక్కజొన్న స్టార్చ్ రేణువులు పాయసంలో సగ్గుబియ్యంలా విడివిడిగా ఉంటాయి. పైకి కనిపించే రేణువును సూక్ష్మజీవి తినేస్తే అక్కడ చిన్న గుంట మిగులుతుంది. పక్క రేణువుకు దారి ఉండదు. రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ లోపలిదాకా దారి ఏర్పడాలంటే ఘనపరిమాణంలో 30 శాతం పైగా స్టార్చ్ ఉండాలని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ వూల్ బృందం 1991లో చూపింది. బరువులో అది 40 శాతం పైమాటే. అంత కలిపితే సంచి సాగదు, ఇట్టే చిరుగుతుంది, తేమ పీలుస్తుంది.

పల్చటి ఫిల్ములో అడ్డంగా పట్టేది మూడు నాలుగు రేణువులే కనుక అంతకంటే కొంత తక్కువ పిండితోనూ దారి దొరకవచ్చు. పైగా గ్రిఫిన్ పిండినొక్కదాన్నే నమ్ముకోలేదు, పాలిథీన్ గొలుసులు ఆక్సీకరణతో తెగేలా కొవ్వు పదార్థం కూడా చేర్చారు. నెపం ఆయన మీద వేయడం అన్యాయం. అయితే స్టాక్‌హోమ్‌లో ఆల్బర్ట్‌సన్ అనే పరిశోధకురాలు రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టి పదేళ్లు పరిశీలించిన పాలిథీన్‌లో కార్బన్ డయాక్సైడ్‌గా మారింది 0.5 శాతం లోపే. అందుకే పిండి కలిపిన పాలిథీన్ మట్టిలో బరువు తగ్గిందంటే, తగ్గింది చాలావరకు పిండేనని నా నమ్మకం.

చెత్త సంచులు వాటంతటవే క్షీణిస్తాయన్న ప్రచారం మోసపూరితమంటూ 1990లో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మొబిల్ కంపెనీని కోర్టుకీడ్చాయి. ఆ తర్వాత ఇటలీలో నొవామాంట్ కంపెనీ పాలిథీన్‌ను పక్కనబెట్టి, కుళ్లే పాలియెస్టర్లతో స్టార్చ్‌ను కలిపింది. నా దృష్టిలో అసలైన మలుపు ఇదే.

మన దగ్గర 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీఓ పరిజ్ఞానంతో తయారైన కుళ్లే సంచుల అమ్మకం మొదలైంది. ఇది సంతోషించదగ్గ పని. కానీ కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు ప్రమాణాలు ప్రధానంగా చూసేది 58 డిగ్రీల వేడిలో, తగినంత తేమ ఉన్న కంపోస్టు కుప్పలో ఆరు నెలల్లో 90 శాతం క్షీణించడాన్ని. లడ్డూతో నెల్లూరుకో నిజామాబాద్‌కో చేరిన సంచి పడేది మురుగుకాలువలోనో డంపింగ్ యార్డులోనో. ఆ సంచులను విడిగా సేకరించి కంపోస్టు కేంద్రానికి చేర్చే ఏర్పాటు ఊరూరా వచ్చేదాకా, వాటి మీది ఆకుపచ్చ ముద్రను నేను సగం హామీగానే తీసుకుంటాను.