విల్ట్‌షైరు కాలిబాటలు – పురాతన శిలలు

ఇంగ్లండు దేశమున దక్షిణ భాగమందు విల్ట్‌షైరు అను కౌంటీ కలదు. కౌంటీ యనగా జిల్లా వంటిది. ఈ సీమలో మహాపర్వతములు లేవు, మహానదులును లేవు. నేల అడుగున సుద్దరాయి, దానిపై పలుచని మన్ను, ఆ మన్నుపై పొట్టి పచ్చిక. మిట్టలపై గొర్రెలు మేయుచుండును. పల్లములలో గోధుమ, బార్లీ చేలు పండును. చూపునకు సామాన్యమైన పల్లెసీమయే. అయినను లోకప్రసిద్ధమైన స్టోన్‌హెంజ్ శిలావలయము ఇచటనే యున్నది. దానికి ఉత్తరముగా పాతిక కిలోమీటర్లకు పైగా దూరమున ఏవ్‌బరీ అను గ్రామమున్నది. ఈ రెండు ప్రదేశములును 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి.

ఏవ్‌బరీని తెలిసికొనుటకు కాలినడకయే తగిన సాధనము. గ్రామమునకు ఆగ్నేయమున ఓవర్టన్ అను మిట్ట కలదు. రిడ్జ్‌వే యను పురాతన మార్గము ఇచటనే మొదలగును. దీనిని 1973లో జాతీయ కాలిబాటగా తెరచిరి; పొడవు 139 కిలోమీటర్లు. మిట్టపై బాటకు ఎదురుగా ఒక గడ్డినేలలో చిన్న చిన్న కాంక్రీటు దిమ్మెలు వలయములుగా అమర్చబడి యుండును. తెలియనివారు అవి యేమో యని దాటిపోవుదురు. ఆ దిమ్మెల కథ తుదకు చెప్పదగినది.

మిట్ట దిగి పడమరగా నడచినచో వెస్ట్ కెన్నెట్ సమాధిదిబ్బ కానవచ్చును. దీని పొడవు సుమారు 100 మీటర్లు. క్రీ.పూ. 3650 ప్రాంతమున తొలి వ్యవసాయదారులు దీనిని నిర్మించిరి. రాతి గదులలో కనీసము 36 మంది అస్థికలు దొరకినవి. పెద్దలు, పిల్లలు, స్త్రీలు, పురుషులు అందరును అందున్నారు. సమీపముననే సిల్‌బరీ యను మానవనిర్మిత గుట్ట నిలిచియున్నది. క్రీ.పూ. 2400 ప్రాంతమున తట్టలతో సుద్దను, మట్టిని మోసి పోసిన ఈ గుట్ట ఐరోపాలోని ప్రాచీన మానవనిర్మిత దిబ్బలన్నిటిలోను పెద్దది. నిధి కొరకో, రాజసమాధి కొరకో 1776 నుండి పలుమారులు దీనిని త్రవ్విచూచిరి. సమాధి కనబడలేదు. ఆ పాత గోతుల వలననే 2000లో శిఖరము కుంగిపోగా, 2007–2008లో లోపలి ఖాళీలను సుద్దతో పూడ్చవలసి వచ్చెను.

ఇక ఏవ్‌బరీ. ఊరినడుమ గుండ్రని కందకము, దాని వెలుపల మట్టికట్ట, లోపలి అంచున నిలువురాళ్ల వలయము. దుప్పికొమ్ములే గునపములుగా, మొదట సుమారు 9 మీటర్ల లోతున ఆ కందకమును త్రవ్విరి. బయటి వలయమున ఒకప్పుడు నూరు రాళ్ల వరకు ఉండెడివి. శిలావలయములలో దీనికంటె పెద్దది మరియొకటి లేదు. ఇండ్లు, వీధి, సత్రము ఆ వలయములోపలనే యున్నవి. జాన్ ఆబ్రే 1649లో వేటకు పోవుచు ఈ చోటును జూచి ఆశ్చర్యపడి, దానిని గూర్చి వ్రాసెను. అంతకుముందు ఊరివారికి అవి కేవలము పొలములోని రాళ్లు.

ఆ రాళ్లకు కలిగిన కష్టము చిన్నది కాదు. 14వ శతాబ్దమున కొన్నిటిని గోతులలో పడద్రోసి పూడ్చిరి. 1938లో ఒక రాయిని వెలికిదీయగా, దాని క్రింద ఒక మనుష్యుని అస్థిపంజరము, కత్తెర, నాణెములు దొరకినవి. తరువాతి కాలమున ఇండ్లకు రాయి కావలసి, కొందరు రాతి క్రింద గోయి తీసి గడ్డితో మంట పెట్టి, కాగిన రాతిపై చన్నీటి ధార పోసి, సమ్మెటలతో బ్రద్దలు కొట్టిరి. విలియం స్టూక్లీ యను పండితుడు 1719 మొదలు కొన్నియేండ్లు ఇచటికి వచ్చుచు, ఆపజాలక పోయినను, నిలిచిన రాళ్లను, పోయిన రాళ్లను కొలిచి చిత్రించెను. 1743లో ఆ గ్రంథము అచ్చయ్యెను.

రక్షణ తరువాత వచ్చెను. 1871లో ఇండ్లస్థలములుగా పోనున్న నేలను జాన్ లబ్బక్ కొనెను. ఆయన కృషి వలననే 1882లో పురాతన కట్టడముల రక్షణ చట్టము వెలువడెను. 1930లలో అలెగ్జాండర్ కీలర్ పూడిన రాళ్లను వెలికిదీసి నిలువబెట్టెను. పోయిన రాళ్ల చోట గురుతుదిమ్మెలు నిలిపెను.

బాటలకును ఇట్టి రక్షణయే కావలసియుండెను. 1949 చట్టము ప్రకారము కౌంటీ సభలు గ్రామసభలను సంప్రదించి కాలిబాటలను పటములకు ఎక్కించిరి. ఇరువది సంవత్సరములు అడ్డులేక హక్కుగా జనులు నడచిన త్రోవ సాధారణముగా ప్రజలదగునని ఆ దేశపు చట్టము. అందుచేతనే సొంత పొలముల నడుమ సయితము బాటసారి నిర్భయముగా నడువగలుగుచున్నాడు. నడచువారు లేని బాట పైరులో కలిసిపోవును.

మన దక్కనులోని రాక్షసగుళ్ల వంటి సమాధులను గూర్చియు ఇట్టి శ్రద్ధ చూపినవాడొకడు కలడు. నైజాం కొలువులోనుండిన మెడోస్ టైలర్ 19వ శతాబ్దమున షోరాపూర్ ప్రాంతమున అట్టివానిని త్రవ్వించి, అవి ఇంగ్లండులోని వానిని పోలియున్నవని వ్రాసెను.

ఓవర్టన్ మిట్టపై దిమ్మెల కథ యిది. అచట నొక చిన్న శిలావలయముండెను. 1720లలో ఒక రైతు దానిని పెకలించి దున్నెను. స్టూక్లీ మాత్రము అంతకుముందే దానిని చిత్రించి యుండెను. రెండువందల యేండ్లకు, 1930లో, మాడ్ కన్నింగ్‌టన్ అను విదుషి ఆ గ్రంథమును ఆధారముగా గొని చోటు కనుగొని త్రవ్వెను. రాళ్లు, కొయ్యస్తంభములు నిలిచిన గుంటలు బయటపడినవి. ఆ గుంటలకు గురుతులే నేటి దిమ్మెలు. నేలపై చెరిగినది పుస్తకమున నిలిచెను. పుస్తకమున నిలిచినది మరల నేలపై దొరకెను.