పదమూడు ముక్కల ఆట

పదమూడు ముక్కల ఆట లేదా రమ్మీ తెలుగునాట విరివిగా ఆడే పేకాట. దీనిని జోకర్లతో కూడిన రెండు కట్టలతో ఆడతారు.

ఆట విధానం

ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచుతారు. వాటిని వరుసలుగా (సీక్వెన్సు), ఒకే అంకె గల జట్లుగా (సెట్టు) కూర్చి ముందుగా 'షో' చేసినవారే విజేత. కనీసం రెండు వరుసలుండాలి. వాటిలో ఒకటి జోకరు లేనిదై ఉండాలి. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి పాయింట్లు. ఓడినవారికి గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి.

మెలకువలు

* జోకరు లేని వరుసను ముందుగా పూర్తిచేయాలి. అది లేనిచో చేతిలోని ముక్కలన్నీ లెక్కకు వస్తాయి.
* ఇస్పేటు 6, 7 ఉంటే 5 గాని 8 గాని సరిపోతుంది. అటువంటివి 4 ముక్కలు. 6, 8 ఉంటే 7 ఒక్కటే ఆధారం, అవి రెండే.
* జతపడని రాజు, ఆసులను త్వరగా వదిలించుకోవాలి.
* తరువాతి ఆటగాడు ఎత్తుకున్న ముక్కను గుర్తుంచుకొని, దానికి పొరుగు ముక్కను పారవేయరాదు.
* 101 పాయింట్ల ఆటలో సాధారణంగా మొదటే తప్పుకుంటే 20, మధ్యలో తప్పుకుంటే 40. ముక్కలు బాగాలేనప్పుడు మొదటే తప్పుకోవడం మేలు.

చట్టం

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణల కేసులో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఉంచుకోవలసినవి, వదలవలసినవి నిర్ణయించడం అవసరం గనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని తీర్పు చెప్పింది. అయితే క్లబ్బు యజమాని ఆటపై లాభం గడిస్తే నేరం కావచ్చునని కూడా పేర్కొంది. ఆన్‌లైన్‌లో పందెం కట్టి ఆడే రమ్మీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టాన్ని 2025లో పార్లమెంటు ఆమోదించింది.