డొక్కు కారే కావాలి! యూరప్ చారిటీ ర్యాలీల వెనక వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక విచిత్రమైన కార్ ర్యాలీ గురించి మాట్లాడుకుందాం. ర్యాలీ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? పెద్ద ఇంజిన్, ఒంటినిండా స్టిక్కర్లు, దుమ్ము లేపుకుంటూ దూసుకెళ్లే బండి. కానీ ఈ ర్యాలీలో రూల్ పూర్తిగా రివర్స్. కారు ఎంత డొక్కుదైతే అంత మంచిది.

ఇది 2004లో మొదలైంది. పేరు మంగోల్ ర్యాలీ. ఇంగ్లండ్‌లో బయల్దేరి, యూరప్ మొత్తం దాటి, మంగోలియా దాకా వెళ్లాల్సి ఉండేది. దూరం సుమారు 16,000 కిలోమీటర్లు. మొదటి ఏళ్లలో ఇంజిన్ ఒక లీటరు, అంటే 1000 సీసీ మించకూడదని రూల్. మన మారుతి 800లో ఉన్నది 796 సీసీ ఇంజిన్. అంటే మన దగ్గర షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న పాత మారుతి ఈ ర్యాలీకి సరిగ్గా సరిపోతుందన్నమాట!

వెనకాల మెకానిక్ వ్యాన్ రాదు. ఏ దారిలో వెళ్లాలో ఎవరూ చెప్పరు. ముందు చేరినవాడికి కప్పు లేదు, డబ్బు లేదు. పైగా ఒక్కో టీమ్ కనీసం 1,000 పౌండ్లు చందా పోగుచేసి సేవా సంస్థలకి ఇవ్వాలి. ఇప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాటే.

"డబ్బున్నోళ్ల సరదా బాసూ ఇది" అనిపిస్తోందా? కొంత నిజమే. ఆ సంగతి కూడా చివర్లో మాట్లాడుకుందాం. కానీ ఆ "డొక్కు కారు" రూల్ ఉంది చూశారా, పెట్టినవాళ్లు సరదాకే పెట్టి ఉండొచ్చు. చరిత్ర పక్కన పెట్టి చూస్తే మాత్రం అందులో చాలా అర్థం కనిపిస్తుంది. ఎందుకంటే యూరప్‌లో కార్ల పందేల చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. రోడ్డు ఎవరిది? దాని మీద దూసుకెళ్లేవాడిదా? దాని పక్కన బతికేవాడిదా?

1903కి వెళ్దాం. మే 24. ప్యారిస్ పక్కన వెర్సాయ్. తెల్లారకముందే 200కి పైగా బండ్లు బయల్దేరాయి. గమ్యం స్పెయిన్‌లోని మాడ్రిడ్. అప్పటికి రేస్ ట్రాక్‌లు లేవు. జనం నడిచే మామూలు రోడ్లే ట్రాక్. తారు లేదు, అంతా మట్టి. ముందు వెళ్లే బండి లేపిన దుమ్ములో వెనకవాడికి ఏమీ కనపడదు. రోడ్డుకి రెండు వైపులా వేలమంది జనం. అసలు కారు అనేదాన్నే మొదటిసారి చూస్తున్నవాళ్లు చాలామంది. గంటకి 100 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే బండి తన దగ్గరికి ఎంతసేపట్లో వస్తుందో వాళ్లకెలా తెలుస్తుంది?

ఏం జరిగిందో ఊహించవచ్చు. బండ్లు చెట్లకి గుద్దుకున్నాయి, జనం మీదికి దూసుకెళ్లాయి. కనీసం 8 మంది చనిపోయారు. ఇవాళ మన రోడ్ల మీద కూడా కనిపించే రెనో కార్లు ఉన్నాయి కదా, ఆ కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకడు మార్సెల్ రెనో. ఆ ప్రమాదాల్లోనే అతనూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ప్రభుత్వం బోర్డోలోనే రేస్‌ని ఆపేసింది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ గొప్ప గొప్ప కార్లని గుర్రాలతో లాగించి, రైల్వే స్టేషన్‌కి చేర్చి, రైలెక్కించి ప్యారిస్‌కి పంపారు!

నాలుగేళ్లకి ఇంకో ప్రయత్నం. 1907లో ల మతాన్ అనే ప్యారిస్ పత్రిక ఒక సవాల్ విసిరింది. చైనాలోని పీకింగ్ నుంచి ప్యారిస్ దాకా కారులో ఎవరైనా రాగలరా అని. జూన్ 10న ఐదు బండ్లు బయల్దేరాయి. గెలిచింది ఇటలీకి చెందిన ప్రిన్స్ బోర్గేసె, ఇటాలా అనే కారులో. ఆగస్టు 10న ప్యారిస్ చేరాడు. సరిగ్గా రెండు నెలలు.

గెలిచినవాడి పేరు అందరికీ తెలుసు. కానీ ఈ కథలో నాకు నచ్చేది వేరే వాళ్లు. ఎడారిలో పెట్రోల్ బంకులు ఉండవు కదా. ఆ పెట్రోల్‌ని ముందుగానే ఒంటెల మీద తీసుకెళ్లి దారి పొడవునా పెట్టింది ఎవరు? స్థానికులు. రష్యాలో ఇటాలా చక్రం విరిగిపోతే, గొడ్డలి పట్టుకుని చెక్కతో బాగుచేసి నిలబెట్టింది ఒక పల్లెటూరి వడ్రంగి. అగస్త్ పోన్స్ అనే ఫ్రెంచి ఆయన మూడు చక్రాల బండితో గోబీ ఎడారిలో చిక్కుకుపోయాడు. పెట్రోల్ అయిపోయింది, దాహంతో ప్రాణం పోయే పరిస్థితి. అతన్ని కాపాడింది అక్కడి సంచార జనం. వీళ్లలో ఎవరి పేరూ కప్పు మీద లేదు.

1903 ఒక పాఠం: రోడ్డు పక్కవాళ్లని లెక్కచేయకపోతే ప్రాణాలు పోతాయి. 1907 రెండో పాఠం: రోడ్డు పక్కవాళ్ల సాయం లేకపోతే నువ్వు ఎక్కడికీ చేరవు.

ఆ తర్వాత 1911లో మాంటే కార్లో ర్యాలీ వచ్చింది. ఇక్కడ ఐడియా మారింది. అందరూ ఒకే చోట బయల్దేరి పరుగెత్తడం కాదు. యూరప్‌లో వేర్వేరు ఊళ్ల నుంచి బయల్దేరి, చలికాలంలో, మొనాకోలో కలుసుకోవాలి. అసలు ర్యాలీ అనే మాటకి అర్థమే "మళ్లీ ఒకచోట చేరడం". కారు ఎంత సౌకర్యంగా ఉంది, ఏ స్థితిలో వచ్చి చేరింది అన్నదానికి కూడా మార్కులు వేశారు. అంటే చేరడం ముఖ్యం, వేగం ఒక్కటే కాదు.

కానీ వేగం పిచ్చి అంత తేలిగ్గా పోదు కదా. ఇటలీలో మిల్లె మిల్యా అని, మామూలు రోడ్ల మీదే జరిగే వెయ్యి మైళ్ల రేస్ ఉండేది. 1957 మే 12న గుయిదిజ్జోలో అనే ఊరి దగ్గర ఒక ఫెరారీ టైర్ పేలింది. కారులో ఉన్న ఇద్దరూ, చూడ్డానికి నిలబడ్డ 9 మందీ చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు చిన్నపిల్లలు. దాంతో మిల్లె మిల్యా రోడ్డు రేస్‌కి తెరపడింది.

సరే, మరి చారిటీ ర్యాలీలు ఎప్పుడు పుట్టాయి? ముఖ్యంగా 2000 తర్వాత ఊపందుకున్నాయి. ఎందుకు అప్పుడే? మూడు కారణాలు చూడండి.

ఒకటి, సరిహద్దులు తెరుచుకున్నాయి. 1989లో బెర్లిన్ గోడ కూలింది. 1995లో షెంగెన్ ఒప్పందం అమల్లోకి వచ్చి, చాలా దేశాల మధ్య చెకింగ్ లేకుండా వెళ్లే వీలొచ్చింది. 2002లో యూరో నోట్లు చేతికొచ్చాయి. రెండు, పాత కార్లు కారుచౌక. పశ్చిమ యూరప్‌లో పాత కారుకి రిపేర్ ఖర్చు దాని ధర కంటే ఎక్కువ, అందుకే తుక్కుకి వేసేస్తారు. మూడు, ఇంటర్నెట్‌లో చందాలు. "నేను ఈ పిచ్చి పని చేస్తున్నా, ఫలానా సంస్థకి పది పౌండ్లు ఇవ్వండి" అని లింక్ పంపితే చాలు.

2003లో ఇంగ్లండ్‌లో జూలియన్ నోవిల్ అనే స్టాక్ బ్రోకర్ ఒక ర్యాలీ పెట్టాడు. అప్పట్లో ప్యారిస్ డకార్ అని కోట్ల ఖర్చుతో నడిచే పెద్ద ర్యాలీ ఉండేది. దానికి పేరడీగా ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి డకార్ దాకా. కారు ధర 100 పౌండ్లు మించకూడదు. అప్పటి లెక్కలో మన 7,500 రూపాయలు. దాన్ని సిద్ధం చేయడానికి 15 పౌండ్లు. అంతే బడ్జెట్! ఫ్రాన్స్, స్పెయిన్ దాటి, సహారా ఎడారి దాటి వెళ్లాలి.

తర్వాత దీని గమ్యం గాంబియా రాజధాని బంజుల్‌కి మారింది. ఎందుకంటే సెనెగల్‌లో పాత కార్ల దిగుమతి మీద కఠినమైన రూల్స్ ఉన్నాయి. బంజుల్‌లో ఆ కార్లని వేలం వేసి, వచ్చిన డబ్బు అక్కడి సేవా సంస్థలకి ఇస్తారు. ఇక్కడో తమాషా ఉంది. గాంబియాలో రోడ్డుకి కుడివైపు నడుపుతారు. ఇంగ్లండ్‌లో మనలాగే ఎడమవైపు. కాబట్టి ఇంగ్లండ్‌లో ఉండి, స్టీరింగ్ ఎడమవైపు ఉన్న డొక్కు కారు వెతుక్కోవాలి. ఇచ్చేది ఎదుటివాడికి పనికొచ్చేలా ఉండాలి కదా మరి. చిన్న రూలే, కానీ దానం అంటే ఏంటో అందులోనే ఉంది.

ఇక మంగోల్ ర్యాలీ. టామ్ మోర్గాన్ అనే ఇంగ్లిష్ కుర్రాడు 2001లో ఫియట్ 126 అనే బుల్లి కారులో మంగోలియాకి బయల్దేరి, చేరలేకపోయాడు. ఆ ఓటమిలోంచే ఈ ర్యాలీ పుట్టింది. 2004లో 6 టీములు బయల్దేరితే 4 చేరాయి. తర్వాత వందల టీములు అయ్యాయి.

ఈ ప్రయాణంలో అసలు కష్టం డ్రైవింగ్ కాదు, ఎదురుచూడటం. ఉదాహరణకి కాస్పియన్ సముద్రం దాటాలంటే బాకూలో ఓడ ఎక్కాలి. దానికి పక్కా టైమ్‌టేబుల్ లేదు, సరుకు నిండితే కదులుతుంది. రోజుల తరబడి రేవులోనే పడిగాపులు. బండి ఆగిపోతే పక్క ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి, భాష రాకపోయినా సైగలతో చెప్పుకోవాలి. ఖరీదైన కారులో వెళ్లేవాడు ఊరు దాటిపోతాడు. డొక్కు కారులో వెళ్లేవాడు ఊరిలో ఆగుతాడు, సాయం అడుగుతాడు. 1907లో ఆ వడ్రంగి ముందు నిలబడ్డట్టే.

దీనికి పూర్తి వ్యతిరేకం ఇంకోటుంది. 1999లో మొదలైన గంబాల్ 3000. ఖరీదైన సూపర్ కార్లు, సెలబ్రిటీలు, పార్టీలు. దీని పేరుతో చారిటీ ఫౌండేషన్ తర్వాతి కాలంలో వచ్చింది. 2007 మే నెలలో మాసిడోనియాలోని స్ట్రుగా దగ్గర, ఈ ర్యాలీలో పాల్గొంటున్న ఒక పోర్షే, స్థానికుల కారుని గుద్దింది. అందులో ఉన్న వృద్ధ దంపతులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది ర్యాలీని మధ్యలోనే ఆపేశారు. 1903 నుంచి 2007 దాకా, నూరేళ్లు దాటినా ప్రశ్న అదే. రోడ్డు ఎవరిది?

అలాగని డొక్కు కార్ల ర్యాలీలన్నీ పుణ్యకార్యాలే అనుకోకండి. లెక్క వేద్దాం. టీమ్ ఇచ్చేది కనీసం 1,000 పౌండ్లు. పెట్రోల్, వీసాలు, ఇన్సూరెన్స్, తిరుగు టికెట్లు కలిపితే ఖర్చు దీన్ని సులువుగా దాటిపోతుంది. "ఆ ఖర్చంతా నేరుగా ఇచ్చేయొచ్చు కదా?" అని అడగొచ్చు. దానికి వాళ్ల జవాబు: ఖర్చు నా జేబులోది, చందా నా ఫ్రెండ్స్ ఇచ్చింది. ఈ ప్రయాణం లేకపోతే ఆ చందా కూడా రాదు. ఇది తీసిపారేసే వాదన కాదు. కానీ చందా డబ్బులోంచి ప్రయాణం ఖర్చు తీస్తే మాత్రం ఆ వాదన అక్కడే కూలిపోతుంది.

ఇంకో తిరకాసు. ఈ ర్యాలీ అధికారిక చారిటీ కూల్ ఎర్త్, అడవుల్ని కాపాడే సంస్థ. అడవుల కోసం 16,000 కిలోమీటర్లు పెట్రోల్ కాల్చడం! మీకూ నవ్వొస్తోంది కదా. పాత కార్ల సంగతీ అంతే. మొదట్లో కార్లని మంగోలియాలోనే దానంగా వదిలేసేవాళ్లు. కానీ మనం తుక్కు అనుకున్నది ఇంకొకరికి కానుక ఎలా అవుతుంది? తర్వాతి ఏళ్లలో పాత కార్ల దిగుమతి కష్టమై, ముగింపు రష్యాలోని ఉలాన్ ఉదేకి మారింది.

ఇంకో మాట. ఈ సాహసానికి ఇంజిన్ కంటే ముఖ్యమైంది పాస్‌పోర్ట్. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి చాలా దేశాల్లో వీసా అక్కర్లేదు. అదే దారిలో మన పాస్‌పోర్ట్‌తో వెళ్లాలంటే, ఇంజిన్ కంటే ముందు వీసా ఫైల్ స్టార్ట్ చేయాలి. యూకేలో, జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు.

మనకి ఈ కథతో ఇంకో లింక్ కూడా ఉంది. ఇదే సంస్థ 2006 నుంచి మన దేశంలో రిక్షా రన్ నడుపుతోంది. విదేశీయులు మన ఆటోలు తోలుకుంటూ వేల కిలోమీటర్లు తిరుగుతారు. అక్కడ రోడ్డు పక్కన నిలబడి ఉండేది మనం. బండి ఆగితే పంక్చర్ వేసేది మన కుర్రాడు, టీ ఇచ్చేది మన హోటల్ ఆయన. వాళ్ల వీడియోలో మనం "సీన్"గా కనిపిస్తామా, మనుషులుగా కనిపిస్తామా? మనం రేపు ఇంకో దేశం వెళ్లినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి.

కాబట్టి ఫ్రెండ్స్, ఎప్పుడైనా ఇలాంటి చారిటీ ర్యాలీలో చేరాలనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. చందాలో ప్రతి రూపాయీ సేవా సంస్థకే వెళ్తోందా? నేను వదిలి వచ్చే వస్తువు వాళ్లు అడిగిందేనా? నేను వెళ్లే వేగంలో రోడ్డు పక్క మనిషి ముఖం నాకు కనిపిస్తుందా? మూడింటికీ అవును అనే జవాబు వస్తే, డొక్కు కారైనా ఫర్వాలేదు, ధైర్యంగా బయల్దేరండి.

మీరేమంటారు? ఖర్చు పెట్టి తిరిగి చందా పోగుచేయడం మేలా, ఇంట్లో కూర్చుని ఆ డబ్బే ఇచ్చేయడం మేలా? ఆలోచించండి, మీ ఫ్రెండ్స్‌తో వాదించండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!